చూపుపాముకు లోపలి వ్యవహారాల శాఖ అనుమతి

సృష్టిలో ప్రతి వస్తువుకూ ఒక బయట, ఒక లోపల ఉంటాయి. బయట అనేది చూసేవాడి సొత్తు. లోపల అనేది ప్రభుత్వం సొత్తు. మా పుయెర్తో తహువారి ఊళ్లో ఈ సంగతి పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. తెలియనిది ఒక్క నెలీదకే. ఆ పిల్ల నగరంలో చదువుకుంది పాపం.

మా ఊరికి ఒక వైపు నది, మూడు వైపులా అడవి, నాలుగు వైపులా ప్రభుత్వం. నది ఒడ్డున దోన్యా అసుంత పినేదోగారి ఐసు ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అంటే నాలుగు కర్రలు, పైన రేకు, కింద ఒక ముసలి డీజిల్ ఇంజను, దాని పక్కన ఐసు కట్టే తొట్టి. ఆవిడ ఐసు మామూలుది కాదు. ఓసారి ఒక మొసలి ఎండకు తాళలేక ఆ దిమ్మ మీదెక్కి కునుకు తీసింది. లేచి నదిలోకి దిగాక, రెండు ఊళ్ల అవతల దాకా తుమ్ముతూ పోయింది. (ఆ తుమ్ములకు పడవలు ఊగాయి. నమ్మనివాళ్లు మొసలినే అడగవచ్చు.)

ఆ ఇంజను ఈ ఏడు సరిగ్గా మిహానోకు ముందు "టక్" అంది. మిహానో అంటే వరద తగ్గగానే చేపలు గుంపులు గుంపులుగా నదికి ఎదురెక్కి వచ్చే కాలం. అప్పుడు వల అక్కర్లేదు, టోపీ ముంచినా చేపలొస్తాయి. ఊరు ఏడాదంతా తినేది ఆ కొద్ది రోజుల సంపాదనే. కాకపోతే మా ఎండలో చేప పొద్దున చేప, మధ్యాహ్నం వాసన. ఐసు ఉంటేనే అది నగరం దాకా చేపగా వెళుతుంది.

పడవలవాళ్ల పెద్ద సోయిలో షాపియామా వచ్చి ఇంజను ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దోన్యా, ఐసు ఉంటుందా, ఉండదా? ఒక్క ముక్క చెప్పు."

"ఇంజను టక్ టక్ అంటోంది సోయిలో."

"మా ఆవిడ పాతికేళ్లనుంచీ అంటోంది. సంసారం ఆగిందా?"

"మీ ఆవిడ లోపల పిస్టను లేదు కదయ్యా."

"అది నువ్వు చెప్పలేవు," అన్నాడు సోయిలో.

సంగతేమిటంటే, ఆ చప్పుడు ఏ వాల్వు అంచో విరిగి పడబోతూ చేస్తున్నదైతే, ఇంజను నడిపిన మరుక్షణం పిస్టను పగులుతుంది. ఆపైన అది కోళ్లు పొదగడానికి పనికొస్తుంది. పోనీ పైమూత హెడ్డు విప్పి చూద్దామంటే, దాని కింద బిగించే గ్యాస్కెట్టు ఒకసారి విప్పితే మళ్లీ పనికిరాదు. అంత ముసలి ఇంజనుకు కొత్తది నగరంలో చేయించి తెప్పించాలి. అది వచ్చేలోపు చేపలు ఎగువ ఊళ్లలో తమ అత్తవారిళ్లు చేరి మనవలను ఎత్తుకుంటాయి. విప్పితే ఈ ఏడు పోతుంది, విప్పకపోతే ఇంజనే పోతుంది. విప్పకుండా లోపల చూడాలి.

అందుకని అసుంత నగరంలో ఉన్న మేనకోడలికి కబురు పెట్టింది. నెలీద అక్కడ విమానాల ఇంజన్ల కడుపులో చూసే ఉద్యోగం చేస్తుంది. మర్నాటి లాంచీలోనే ఒక నల్లపెట్టె పట్టుకుని దిగింది.

దిగిన చోటే దోన్ హెర్మోహెనెస్ ఉర్రెలో నిలబడి ఉన్నాడు. ఆయన లోపలి వ్యవహారాల శాఖ, నదీతీర ఉపకార్యాలయానికి అధికారి. ఊరంతా చెప్పులేసుకునే చోట ఆయన బూట్లు వేస్తాడు. బురద కూడా ఆయన్ని చూసి పక్కకు తప్పుకుంటుంది.

"పెట్టెలో ఏముందమ్మాయ్?"

"వీడియో ఎండోస్కోపు సార్. ఇంజను విప్పకుండా లోపల చూస్తాం దీంతో."

"ఏమన్నావు?"

"ఇంజను విప్పకుండా..."

"దాని తరవాతది."

"లోపల చూస్తాం."

దోన్ హెర్మోహెనెస్ టోపీ సర్దుకున్నాడు. "మా శాఖ పేరేమిటి?"

"లోపలి వ్యవహారాల శాఖ."

"మరి మమ్మల్ని అడక్కుండా లోపలికెలా చూస్తావు?"

నెలీద నవ్వింది, హాస్యమాడుతున్నాడనుకుని. (నగరంలో అధికారులు హాస్యమాడతారేమో. ఇక్కడ దానికి విడిగా అలవెన్సు ఇవ్వరు.) ఆ నవ్వు ఆగేలోపు పెట్టె కార్యాలయంలోకి వెళ్లిపోయింది.

విచారణ ఆ మధ్యాహ్నమే జరిగింది. విచారణ అనగానే ఊరంతా వచ్చింది. మా ఊళ్లో సినిమా హాలు లేదు. నేను ముందు వరసలో బల్ల సంపాదించుకున్నాను. పెట్టె తెరిస్తే అందులో చుట్ట చుట్టుకుని, చిటికెన వేలంత లావున ఒక నల్లటి గొట్టం. దాని తల దగ్గర చీమ కన్నంత కెమెరా, చుట్టూ మిణుగురుల్లాంటి దీపాలు. తోక దగ్గర పిడి, పిడికి అరచేతంత తెర. వెనక వరసలో ఎవరో "చూపుపాము" అన్నారు. అప్పటినుంచీ దాని పేరు అదే.

"వివరించు," అన్నాడు దోన్ హెర్మోహెనెస్.

"తల దగ్గర కెమెరా ఉంది సార్. అది చూసింది తీగలోంచి ఈ తెర మీదికొస్తుంది. లోపల చీకటి కాబట్టి దీపం కూడా తనే తీసుకెళుతుంది."

"సొంత దీపమా? కరెంటు శాఖ అనుమతి వేరు. తరవాత?"

"ఈ మీట కదిపితే తల పైకి, కిందికి, పక్కలకు వంగుతుంది. లోపల సన్నటి తీగలుంటాయి, మీటతో అవి లాగబడతాయి. బాగా వంచితే వెనక్కి తిరిగి, తను వచ్చిన దారినే చూడగలదు."

దోన్ హెర్మోహెనెస్ చెమట తుడుచుకున్నాడు. "వచ్చిన దారి వెనక్కి తిరిగి చూసుకునే అధికారం," అన్నాడు, "మా శాఖలో ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు."

"పగులు కనపడితే దాని పొడవు కూడా కొలుస్తుంది సార్."

"కొలతలు సర్వే శాఖవి."

"ఫొటో తీస్తుంది."

"ఎవరి ఫొటో? ఇంజనుది. ఇంజను ఒప్పుకుందా?"

"అది ఇంజను సార్."

"ఒప్పుకోలేదన్నమాట," అని ఆయన రాసుకున్నాడు.

ఆ పైన అసలు నిబంధన బయటికి తీశాడు. లోపల చూడదలచినవారు లోపల ఏమి కనిపించబోతున్నదో ముందుగా ప్రకటించాలి.

"చూడకుండా ఎలా తెలుస్తుంది సార్?" అంది నెలీద.

"ఏముందో తెలియనిదాన్ని చూడ్డానికి అనుమతెలా ఇమ్మంటావు? నువ్వు చెప్పిందే కనిపిస్తే అది సక్రమ దృశ్యం. వేరేది కనిపిస్తే అక్రమ దృశ్యం. అప్పుడు కళ్లు మూసుకోవాలి."

"ఏముందో తెలిస్తే ఇంత దూరం ఎందుకొస్తాను?"

"అదే మేమూ అడుగుతున్నాం."

అసుంత మేనకోడలి మోచెయ్యి పట్టుకుని లాగింది. "వాదించకే నెలీ. ఆయనకు వాదన భోంచేసినట్టు. ఆకలి పెరుగుతుంది."

నెలీద పట్టువిడవని పిల్ల. తగువు వదిలి పాఠం అందుకుంది. "అన్నిటికీ ఇది వాడం సార్, భయపడకండి. మూత తీస్తే కనిపించేదాన్ని మూత తీసే చూడాలి. దారి తిన్నగా ఉంటే వంగని గొట్టం చాలు, బొమ్మ ఇంకా స్పష్టంగా ఉంటుంది. దారి మలుపులు తిరిగి, విప్పితే నష్టం ఎక్కువైనప్పుడే ఈ మెత్తనిది."

"మలుపులు తిరిగిన దారి," అన్నాడాయన, మొదటిసారి గౌరవంగా. "అంటే మా శాఖ విధానమే."

"ఇంజను ఆగాలి, పూర్తిగా చల్లారాలి. వేడికి కెమెరా మాడిపోతుంది. అడ్డు తగిలితే బలవంతంగా తొయ్యకూడదు. బయటికి లాగే ముందు మీట వదిలి తల తిన్నగా చెయ్యాలి. వంచిన తలతో లాగితే లోపలే కొక్కెంలా పట్టుకుని తెగిపోతుంది."

దోన్ హెర్మోహెనెస్ ఇదంతా రాసుకుని, సాయంత్రానికల్లా తన సంతకంతో గోడకు అంటించాడు. అది ఊళ్లో చూపుపాముల వాడకంపై మొట్టమొదటి ఉత్తర్వు. అందులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒక్క వాక్యం తప్ప: "వెనక్కి వచ్చునపుడు తల తిన్నగా ఉంచవలెను; ఈ నియమం సిబ్బందికి వర్తించదు."

ఆ ఉత్తర్వుతోనే కొత్త చిక్కు మొదలైంది. ఉత్తర్వు ఉంటే దరఖాస్తు ఉండాలి, దరఖాస్తు ఉంటే కిటికీ ఉండాలి, కిటికీ ఉంటే వరస. మర్నాడు పొద్దుటికల్లా వరస కార్యాలయం గుమ్మం నుంచి రేవు దాకా పోయింది. లోపల చూపిస్తారట అని కొందరు, ఉచితమట అని కొందరు, వరస ఉందని మిగతావాళ్లు. ఒకాయన గొణిగే ఫ్రిజ్జును మోటారు రిక్షాలో తెచ్చాడు. చర్చి తాళాలాయన చెక్క సాధువు విగ్రహాన్ని భుజాన మోసుకొచ్చాడు, లోపల చెద ఉందేమోనని. (ఉంది. సాధువులో మిగిలింది ముఖవర్చస్సే.) ఒకావిడ మొగుణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చింది.

"ఈయన లోపల ఏముందో చూడాలమ్మాయ్."

"ఇది మనుషులకు కాదమ్మా," అంది నెలీద. "మనుషులదాన్ని ఆస్పత్రిలో శుభ్రం చేసి విడిగా ఉంచుతారు. ఇది ఇనుములోకి పోయేది."

"ఈయన గుండె ఇనుమే కదా."

"నేను పోతాను," అన్నాడు మొగుడు.

"వరసలో ఉన్నవాళ్లు పోకూడదు," అన్నాడు దోన్ హెర్మోహెనెస్. ఆయన అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆయన కిటికీ ముందు ఇంతమంది నిలబడింది లేదు.

ఆ ఇనుప గుండాయనకు కూడా అనుమతి చీటీ దొరికింది. దొరకనిది అసుంత ఒక్కతెకే. ఆవిడ ఉత్త చేతుల్తో వచ్చి కిటికీ ముందు నిలబడింది.

"చూడవలసిన వస్తువు ఏది?" అన్నాడాయన.

"ఇంజను. ఫ్యాక్టరీలో ఉంది."

"కిటికీ దగ్గరికి స్వయంగా రావాలి."

"దాన్ని సిమెంటు దిమ్మకు బిగించారు సార్. అందరికంటే మీకే బాగా తెలుసు. దిమ్మ ఎత్తు తప్పుందని రెండుసార్లు కట్టించారు."

"రాలేకపోతే రాలేనని అది స్వయంగా వచ్చి చెప్పాలి."

అంతలో సోయిలో రేవు వైపు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. అతను పరిగెత్తడం ఊరు చూసి చాలా కాలమైంది.

"దోన్యా, చేపలు దిగువ మలుపు దగ్గరికొచ్చేశాయి. నీళ్లు ఉడుకుతున్నట్టున్నాయి. రేపు మధ్యాహ్నానికి మన రేవులో ఉంటాయి. నాకిప్పుడు మాట కావాలి. నువ్వు లేదంటే పడవలన్నీ దిగువ షావుకారి ఐసు పడవకు, ఆ బజరాకు పోవాలి. వాడు చేపకు ఎంతిస్తాడో నీకు తెలుసు. ఇచ్చాక ఎలా నవ్వుతాడో కూడా తెలుసు."

అసుంత వరసను చూసింది, నదిని చూసింది. ఆమె మొహంలో నవ్వు పోయింది. ఇరవై పడవలవాళ్లు ఆమె నోటి వంకే చూస్తున్నారు. ఆమె చేతులు తుడుచుకుని కిటికీలోకి వంగింది.

"సార్, చదువురానిదాన్ని. ఒక్క సందేహం. లోపల అంటే ఎక్కడ మొదలవుతుంది?"

దోన్ హెర్మోహెనెస్‌కు ఇలాంటి ప్రశ్నంటే పంచదార. ఆయన సూటిగా కూర్చున్నాడు. "తలుపును బట్టి ఉంటుంది దోన్యా. మూసి ఉన్నది లోపల. తెరిచి ఉన్నది బయట. చట్టం అంత తేలిక."

"తెరిచి ఉన్నది బయట."

"నిస్సందేహంగా."

"నెలీ," అంది ఆవిడ వెనక్కి తిరక్కుండా, "నీ పాముని దూర్చేముందు ఏం చేస్తావే?"

"డీజిలు చిమ్మే ఇంజెక్టరు విప్పి తీస్తానత్తా. ఆ రంధ్రంలోంచే పోవాలి."

"తీశాక ఆ రంధ్రం మూసుంటుందా, తెరిచుంటుందా?"

"తెరిచే ఉంటుంది."

"అయితే మేం చూసేది బయటే కద సార్."

పైన ఫ్యాను తిరుగుతోంది. వరసలో ఎవరూ దగ్గలేదు. ఫ్రిజ్జు కూడా గొణగడం ఆపింది, మాట వినబడాలని. దోన్ హెర్మోహెనెస్ చట్టాన్ని మనసులో ఒకసారి ముందుకీ, ఒకసారి వెనక్కీ నడిపించాడు. నిజాయితీపరుడు. తన నోటితో అన్న మాటను తను కాదనడు. అలా కాదనాలంటే వేరే సంతకం కావాలి.

"బయటే," అన్నాడు చివరికి. "అంటే ఇది మా శాఖది కాదు. బాహ్య వ్యవహారాల శాఖది. రాయబారులనూ వీసాలనూ చూసేవాళ్లది."

"ఆ శాఖవాళ్లు మన ఊళ్లో ఉన్నారా?"

"లేరు."

"మరి మాకు అడ్డు చెప్పేదెవరు?"

"ఎవరూ లేరు," అన్నాడాయన. ఆ మాట అనడానికి ఆయన పడ్డ బాధ చూసి నాకు కళ్లు చెమర్చాయి.

పెట్టె తిరిగి ఇచ్చాడు. ఇస్తూ ఒక షరతు పెట్టాడు: ఇంజెక్టరు తీసి ఉన్నంతసేపూ ఇంజను చుట్టూ సుద్దగీత ఉండాలి, గీతకు అవతలిది విదేశం. తాను స్వదేశం తరఫున గీతకు ఇవతల నిలబడి పరిశీలిస్తాడు. సోయిలో తమ్ముడొకడు మధ్యలో చుట్ట కాల్చుకోవడానికి గీత దాటి వచ్చి, మళ్లీ వెళ్లబోతే ఈయన పాస్‌పోర్టు అడిగాడు.

ఇంజను చల్లగా ఉంది. నెలీద ఇంజెక్టరు విప్పి, రంధ్రం చుట్టూ తుడిచి, గొట్టం తల లోపలికి వదిలింది. తొయ్యలేదు, పిల్లకు పెరుగన్నం పెట్టినట్టు కొంచెం కొంచెంగా వదిలింది. తెర చుట్టూ తలలు గుమిగూడాయి. మొదట చీకటి, తరవాత దీపం వెలుగులో ఒక నల్లటి మైదానం.

"ఇదేమిటే, చంద్రుడా?" అంది అసుంత.

"పిస్టను నెత్తి అత్తా. ఆ నలుపు మసి. ఇదిగో సిలిండరు గోడ, ఈ అడ్డగీతలు కనిపిస్తున్నాయా? బాగున్నాయి. గోడ అరగలేదు."

మీట వంచింది. తెర మీద ప్రపంచం తలకిందులై, పైన గుండ్రటి వాల్వులు కనిపించాయి. అంచు వెంబడి మెల్లగా తిప్పింది. అసుంత ఊపిరి పీల్చడం మానేసింది. సోయిలో ఆవిడ తరఫున కూడా పీల్చాడు.

"ఈ వాల్వు బాగుంది," అంది నెలీద. "ఇదీ బాగుంది. పగుల్లేదు."

"మరి టక్ టక్ ఎవరిది?"

తల మళ్లీ కిందికి వంగి, మైదానం మూలకు చూసింది. అక్కడ మసిలో ఏదో పసుపుగా మెరిసింది. నలిగిపోయిన ఇత్తడి ముక్క, గోరంత.

"ఇది ఇంజనుది కాదు," అంది నెలీద. "ఇంజన్లో ఇత్తడి రేకు ఎక్కడా ఉండదు."

గొట్టం పక్క సన్నటి కొక్కేన్ని పంపి ముక్కను పట్టింది. మీట వదిలింది, తల తిన్నగా అయింది, అప్పుడు లాగింది. ముక్క బయటికొచ్చి అసుంత అరచేతిలో పడింది. మీద అచ్చుబోసిన అక్షరాలు సగం మిగిలి ఉన్నాయి.

"'తనిఖీ చేయబ' అని ఉంది," అని చదివాడు సోయిలో. "చేయబ అంటే?"

అందరూ సుద్దగీత వైపు తిరిగారు.

విషయం తేలిక. కిందటేడు దోన్ హెర్మోహెనెస్ ఇంజన్ను పరిశీలించి, "తనిఖీ చేయబడినది, నిర్దోషం" అని ఇత్తడి పలక కొట్టించాడు. పలక మీద దుమ్ము పడరాదని నిబంధన. ఇంజన్లో దుమ్ము పడని చోటు ఒక్కటే ఉంది: గాలి ఫిల్టరు లోపలి వైపు, ఇంజను గాలి పీల్చుకునే గొట్టం నోట్లో. అక్కడే బిగించాడు. ఊడింది, విరిగింది, ఒక ముక్కను ఇంజను గాలితోపాటు పీల్చింది.

"ఇది ప్రభుత్వ ఆస్తి," అన్నాడు దోన్ హెర్మోహెనెస్ గీత ఇవతలినుంచే చెయ్యి చాపి. అసుంత ఇచ్చేసింది. ఆయన దాన్ని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. చచ్చిన చుట్టాన్ని మోసుకెళ్లినట్టు నెమ్మదిగా వెళ్లాడు.

నెలీద గాలి గొట్టంలో కూడా పాముని పంపి, మిగతా ముక్కలను ఏరింది. ఇంజెక్టరు బిగించారు. తిప్పారు. ఇంజను ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, తిన్నగా అందుకుంది. టక్ లేదు. సోయిలో టోపీ తీసి ఇంజనుకు దండం పెట్టాడు. మర్నాడు మధ్యాహ్నం చేపలొచ్చాయి. ఎన్నొచ్చాయంటే, వాటి మీద నడిచి అవతలి ఒడ్డున పిన్నిని చూసొచ్చాను, కాళ్లు తడవలేదు. తొట్టిలోంచి దిమ్మలు వస్తూనే ఉన్నాయి, పడవలు నిండుతూనే ఉన్నాయి. దిగువ షావుకారి బజరా ఖాళీగా మా రేవు ముందునుంచి పోతుంటే ఆడవాళ్లు ఆకుల్లో చుట్టిన అన్నం ముద్దలు చూపించి భోజనానికి పిలిచారు. అతను వినపడనట్టు నటించాడు.

ఆ సందడిలోనే దోన్ హెర్మోహెనెస్ మళ్లీ వచ్చాడు. చేతిలో స్క్రూడ్రైవరు, మెరిసే కొత్త పలక. పలక లేని ఇంజను నడవడం నేరమని గుర్తుచేసి, ఎవరూ ఏమీ అనకముందే ఫిల్టరు ఊడదీసి, సరిగ్గా పాత చోటే, గాలి గొట్టం నోట్లో బిగించడం మొదలుపెట్టాడు.

అసుంత చేపల బుట్ట కింద పెట్టింది. "సార్, మళ్లీ అక్కడేనా? మళ్లీ ఊడి లోపల పడితే?"

ఆయన నొచ్చుకున్నాడు. అయినా పని ఆపలేదు, మరమేకును చివరి వరకు తిప్పి, పలకను వేలితో తుడిచి చూసుకున్నాడు.

"పలకలో లోపమేం లేదు దోన్యా," అన్నాడు. "ఇంజను అదరడం వల్ల ఊడింది. మీరు నడపకుండా ఉంచండి, నూరేళ్లయినా కదలదు."